హైస్కూలు మార్చింగ్ బ్యాండు

హైస్కూలు మార్చింగ్ బ్యాండు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 9 నుండి 12వ తరగతి వరకు చదివే విద్యార్థులు కవాతు చేస్తూ వాద్యాలు వాయించే బృందం. ఫుట్‌బాల్ ఆటల విరామ సమయంలోను, ఊరేగింపులలోను, బ్యాండు పోటీలలోను ఈ బృందాలు ప్రదర్శనలిస్తాయి. వీటి ప్రధాన కార్యకాలం జులై చివర మొదలై నవంబరు వరకు సాగుతుంది. దీనిని మార్చింగ్ సీజను అంటారు. చూచేవారికి ఇది ఒక సంగీత ప్రదర్శన. పాల్గొనే పిల్లలకు ఇది ఎండలో బరువు మోస్తూ గంటల తరబడి చేసే శారీరక శ్రమ కూడా. అందువలన సీజను మొదలు కావడానికి కొన్ని వారాల ముందు నుండే కుటుంబమంతా సన్నద్ధం కావలసి ఉంటుంది. ఈ వ్యాసంలో బ్యాండు స్వరూపంతోపాటు ఆ సన్నాహాలు కూడా వివరించబడినవి.

చరిత్ర

మార్చింగ్ బ్యాండుకు మూలం సైనిక బ్యాండు. మన గణతంత్ర దినోత్సవ కవాతులలో కనిపించే పోలీసు, సైనిక బ్యాండ్లు, పెళ్ళి ఊరేగింపులలోని బ్యాండు మేళం కూడా ఐరోపా సైనిక బ్యాండ్ల ప్రభావంతో ఏర్పడినవే. అమెరికాలో ఈ సంగీతానికి విశేష ప్రజాదరణ తెచ్చినవాడు జాన్ ఫిలిప్ సూసా. ఇతడు 1880 నుండి 1892 వరకు అమెరికా మెరైన్ బ్యాండుకు నాయకుడు. భుజం చుట్టూ ధరించి వాయించే సూసాఫోను అనే పెద్ద ఇత్తడి వాద్యానికి ఇతని పేరే పెట్టారు.

1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయ బ్యాండు సైనిక వరుసలను విడిచి, మైదానంలో "పి" అనే ఆంగ్లాక్షరం ఆకారంలో నిలబడింది. అదే సంవత్సరం ఇల్లినాయి విశ్వవిద్యాలయ బ్యాండు ఫుట్‌బాల్ ఆట విరామంలో ప్రదర్శన ఇచ్చింది. ఈ పద్ధతి క్రమంగా ఉన్నత పాఠశాలలకు వ్యాపించింది. 1923లో షికాగోలో పాఠశాల బ్యాండ్లకు జాతీయ స్థాయి పోటీ జరిగింది. 1971లో స్థాపించబడిన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ పోటీల ప్రభావంతో మైదానంలోని కదలికలు మరింత క్లిష్టమైనవి. 1975లో ఆరంభమైన బ్యాండ్స్ ఆఫ్ అమెరికా సంస్థ 1980 నుండి జాతీయ పోటీలు నిర్వహిస్తున్నది. 2008 నుండి ఇవి ఇండియానాపొలిస్ నగరంలోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నవి. కోవిడ్ కారణంగా 2020లో ఈ పోటీ జరగలేదు.

బృందంలోని విభాగాలు

* సుషిర వాద్యాలు: ఫ్లూటు, క్లారినెట్, శాక్సోఫోను మొదలైనవి.
* ఇత్తడి వాద్యాలు: ట్రంపెట్, మెల్లోఫోను, ట్రాంబోను, బారిటోను, సూసాఫోను.
* డ్రమ్ములు: స్నేర్, టెనర్, బేస్ డ్రమ్ములను భుజాల పట్టీలకు తగిలించుకొని నడుస్తారు. మరింబా, వైబ్రఫోను వంటి పెద్ద వాద్యాలను మైదానం అంచున నిలిపి వాయిస్తారు.
* కలర్ గార్డు: జెండాలు, చెక్క రైఫిళ్ళు మొదలైనవి తిప్పుతూ నృత్యం చేసే విభాగం.
* డ్రమ్ మేజరు: ఎత్తయిన వేదికపై నిలబడి చేతులతో తాళం చూపే విద్యార్థి నాయకుడు లేక నాయకురాలు.

మైదానపు లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం గోలు గీతల మధ్య 100 గజాల పొడవు ఉంటుంది. ప్రతి 5 గజాలకు ఒక అడ్డగీత ఉంటుంది. బ్యాండులో ప్రామాణికమైన అడుగు 22.5 అంగుళాలు. అంటే 8 అడుగులలో 5 గజాలు దాటాలి. ఏ స్వరం దగ్గర ఎవరు ఏ గీతకు ఎన్ని అడుగుల దూరంలో నిలబడాలో ముందే నిర్ణయించి ప్రతి విద్యార్థికి ఒక పట్టిక ఇస్తారు. ప్రదర్శన సుమారు 7 నుండి 10 నిమిషాలు ఉంటుంది. సంగీతం, స్థానాలు రెండూ కంఠస్థం కావాలి.

ఈ ఏర్పాటులో ఫుట్‌బాల్ జట్టులో వలె పక్కన కూర్చొని ఎదురుచూసే అదనపు ఆటగాళ్ళు సాధారణంగా ఉండరు. ఒక్కరు రాకపోయినా వరుసలో ఖాళీ కనిపిస్తుంది, పక్కవారికి దూరం అంచనా తప్పుతుంది. హాజరు విషయంలో బ్యాండు ఉపాధ్యాయులు కఠినంగా ఉండడానికి ఇదే కారణం.

సీజను క్రమం

రాష్ట్రాన్ని బట్టి, పాఠశాలను బట్టి తేదీలు మారినా క్రమం ఇంచుమించు ఇలా ఉంటుంది.

* ఏప్రిల్ - మే: విభాగాల ఎంపిక, దుస్తుల కొలతలు, తల్లిదండ్రుల సమావేశం.
* జూన్ - జులై: ఇంటి వద్ద సంగీతం నేర్చుకొనుట, కొన్నిచోట్ల వారానికి ఒకటి రెండు సాధనలు.
* జులై చివర - ఆగస్టు: బ్యాండు క్యాంపు. ఒకటి రెండు వారాలపాటు దాదాపు రోజంతా సాధన ఉంటుంది. పేరు క్యాంపు అయినా చాలా పాఠశాలలలో సాయంత్రానికి ఇంటికి వస్తారు.
* ఆగస్టు చివర - అక్టోబరు: శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట, శనివారం పోటీ, మిగిలిన రోజులలో పాఠశాల అయిన తరువాత సాధన.
* నవంబరు: రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలు.

ఎంపికైన కొన్ని బృందాలు పాసడీనాలో జరిగే రోజ్ పరేడ్ వంటి ఊరేగింపులలో పాల్గొంటాయి. ఆ మార్గం పొడవు 5.5 మైళ్ళు, అనగా సుమారు 8.8 కిలోమీటర్లు. దారి పొడవునా వాయిస్తూ నడవాలి.

ఆరోగ్య సన్నాహాలు

వేడికి అలవాటు పడుట

సీజనులో అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం బ్యాండు క్యాంపు మొదటి వారం. సెలవులలో చల్లని గదులలో గడిపిన పిల్లలు ఒక్కసారిగా ఆగస్టు ఎండలోకి వస్తారు. శరీరం వేడికి అలవాటు పడడానికి 7 నుండి 14 రోజులు పడుతుంది. కనుక క్యాంపుకు రెండు వారాల ముందు నుండి పిల్లలను రోజూ కొంతసేపు బయట నడిపించి, ఆ సమయాన్ని క్రమంగా పెంచడం మంచిది. వాద్యాన్ని చేతబట్టుకొని నడిస్తే భుజాలు, వీపు కూడా బరువుకు అలవాటు పడతాయి. సూసాఫోను, టెనర్ డ్రమ్ములు 10 కిలోల పైబడి ఉండవచ్చు.

ఎండలో శ్రమించేవారు 15 - 20 నిమిషాలకొకసారి సుమారు ఒక కప్పు (240 మిల్లీలీటర్ల) నీరు తాగాలి. దాహం వేసే వరకు ఆగరాదు. అలాగని గంటకు ఒకటిన్నర లీటరుకు మించి తాగడం కూడా హానికరం, ఎందుకనగా రక్తంలో సోడియం పడిపోతుంది. ఉదయం ఖాళీ కడుపుతో పంపరాదు. టోపీ, లేతరంగు పలుచని దుస్తులు, ప్రతి రెండు గంటలకు తిరిగి రాసుకోవలసిన సన్‌స్క్రీన్ లేపనం అవసరం.

తలతిరుగుడు, వాంతి వచ్చునట్లు ఉండుట, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే పిల్లవాడిని వెంటనే నీడలోకి తెచ్చి, చల్లబరచి, నీరు తాగించాలి. మాట తడబడడం, అయోమయం, తూలిపోవడం, స్పృహ తప్పడం, శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ (104 డిగ్రీల ఫారెన్‌హీట్) దాటడం వడదెబ్బ లక్షణాలు. శ్రమ వలన వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. కనుక చెమట ఉన్నదని ధైర్యపడరాదు. వెంటనే 911కు ఫోను చేసి, సహాయం వచ్చే లోపలే చల్లని నీటి తొట్టెలో ఉంచడం ద్వారా గాని, ఒంటి నిండా చల్లని నీరు, మంచు వాడి గాని శరీరాన్ని చల్లబరచాలి. స్పృహ సరిగా లేనివారికి నోటి ద్వారా నీరు పోయరాదు.

బరువు, ఎండ, అలసట విషయంలో పిల్లలు తరచు మౌనం వహిస్తారు. తన వరుసలో ఖాళీ ఏర్పడుతుందనే భయంతో కళ్ళు తిరుగుతున్నా నిలబడేవారు ఉంటారు. ఒంట్లో బాగులేనప్పుడు పక్కకు తప్పుకోవడం తప్పు కాదని క్యాంపుకు ముందే తల్లిదండ్రులు స్పష్టంగా చెప్పాలి.

వైద్య పత్రాలు

టెక్సాస్ మొదలైన చోట్ల మార్చింగ్ బ్యాండులో చేరే విద్యార్థికి క్రీడాకారులకు వలె వైద్య పరీక్ష పత్రం కావాలి. వేసవి చివర వైద్యుల వద్ద సమయం దొరకడం కష్టం కనుక మే, జూన్ నెలలలోనే పరీక్ష చేయించడం మేలు. ఉబ్బసం, ఎలర్జీ, మూర్ఛ వంటివి ఉంటే దాచక పత్రంలో వ్రాయాలి. ఇన్‌హేలరు వంటి మందులను పిల్లలు తమవెంట ఉంచుకొనుటకు పాఠశాల అనుమతి పత్రం అవసరమవుతుంది.

వినికిడి

అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ (నియోష్) సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ళ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు ఈ సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ వద్ద అనుమతించదగిన సమయం 15 నిమిషాలే. డ్రమ్ముల నడుమ, ఇత్తడి వాద్యాల ముందు నిలబడేవారికి ఈ స్థాయి అరుదు కాదు. ధ్వనిని సమానంగా తగ్గించే సంగీతకారుల చెవి బిరడాలు ఇందుకు ఉపయోగపడతాయి. ఇలా కోల్పోయిన వినికిడి తిరిగి రాదు.

వస్తువులు

* బూట్లు: సాధనకు మెత్తని అట్టగల వ్యాయామపు బూట్లు వాడాలి. చెప్పులతో సాధన చేయరాదు. ప్రదర్శనకు వాడే ప్రత్యేక బూట్లను ముందే కొన్నాళ్ళు తొడిగి అలవాటు చేసుకోకపోతే బొబ్బలెక్కుతాయి.
* దుస్తులు: యూనిఫారము సాధారణంగా పాఠశాల ఆస్తి. బూట్లు, చేతి తొడుగులు, మేజోళ్ళు, లోపల ధరించే పలుచని దుస్తులు కుటుంబం కొనుక్కోవాలి.
* వాద్యం: సూసాఫోను, డ్రమ్ముల వంటి పెద్దవాటిని పాఠశాల ఇస్తుంది. చిన్న వాద్యాలను చాలామంది సొంతంగా కొనడమో అద్దెకు తీసుకోవడమో చేస్తారు. చెక్క క్లారినెట్ ఎండకు, చలికి పగులుతుంది. అందువలన మైదానంలో ప్లాస్టిక్‌ది వాడాలి.
* ఇతరములు: పెద్ద నీటి సీసా, పట్టిక పుస్తకం, పెన్సిలు, అదనపు రీడ్లు లేక వాల్వు నూనె. అన్నింటిపైన పేరు వ్రాయాలి.

ఖర్చులు

బోధన, ప్రయాణాలు, సంగీత రచన మొదలైన వాటికై చాలా పాఠశాలలు ఒక్కొక్క కుటుంబం నుండి కొంత మొత్తం కోరతాయి. అది పాఠశాలను బట్టి చాలా మారుతుంది. ఈ విషయంలో చట్టం అన్ని రాష్ట్రాలలో ఒకటి కాదు. 1984లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హార్ట్‌జెల్ - కానెల్ కేసులో, ప్రభుత్వ పాఠశాలలు సంగీతం, క్రీడలు మొదలైన కార్యక్రమాలకు రుసుము వసూలు చేయడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ రాష్ట్రంలో స్వచ్ఛంద విరాళం మాత్రమే కోరవచ్చు.

తల్లిదండ్రుల సహాయక సంఘాన్ని బూస్టర్ క్లబ్బు అంటారు. ఇది అమ్మకాలు, విరాళాల ద్వారా నిధులు సేకరిస్తుంది. సేకరించిన సొమ్మును ఎవరు తెచ్చినది వారి బిడ్డ ఖాతాకే జమ చేసే పద్ధతి వలన 2013లో ఒక జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్బు పన్ను మినహాయింపు కోల్పోవడాన్ని అమెరికా పన్నుల కోర్టు సమర్థించింది. కనుక నిధులు అందరు పిల్లలకు ఉమ్మడిగా ఉపయోగపడాలి.

చెల్లించలేని కుటుంబాలకు వాయిదాలు, సహాయ నిధి, పాత బూట్ల మార్పిడి వంటి ఏర్పాట్లు అనేక చోట్ల కలవు. సిగ్గుపడి పిల్లలను మాన్పించడానికి ముందు బ్యాండు ఉపాధ్యాయునితో విడిగా మాట్లాడడం ఉత్తమం.

చదువు, సమయం

టెక్సాస్‌లో చట్టం ప్రకారం, ఏదైనా పాఠ్యాంశంలో 70 కన్న తక్కువ మార్కులు వస్తే విద్యార్థి కనీసం 3 వారాలపాటు ప్రదర్శనలకు అనర్హుడవుతాడు. కొన్ని ఉన్నతస్థాయి పాఠ్యాంశాలకు మినహాయింపు ఉండవచ్చు. సాధన మాత్రం కొనసాగించవచ్చు. పాఠశాల వేళలకు వెలుపలి సాధన వారానికి 8 గంటలకు మించరాదని కూడా అక్కడ నియమం కలదు. కుటుంబాలు బ్యాండు తేదీలను, పరీక్షల తేదీలను ఒకే క్యాలెండరులో వ్రాసుకోవడం, ఆట లేని రాత్రులలో పూర్తి నిద్రకు అవకాశమివ్వడం అవసరం.

తల్లిదండ్రుల పాత్ర

సీజను నడవడానికి స్వచ్ఛంద సేవకులు కావాలి. బస్సులో పిల్లల వెంట వెళ్ళుట, నీరు అందించుట, దుస్తులకు కుట్లు వేయుట, పెద్ద వాద్యాలను మైదానంలోకి తోయుట, ఆటల వద్ద తినుబండారాలు అమ్ముట వీరి పనులు. పిల్లల వెంట వెళ్ళేవారికి పూర్వాపరాల విచారణ జరుగుతుంది, దానికి సమయం పడుతుంది కనుక వేసవిలోనే దరఖాస్తు చేయాలి. సంగీత పరిజ్ఞానం అవసరం లేదు.

ప్రవాస తెలుగు కుటుంబాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ బ్యాండ్లలో చేరుతున్నారు. వీరికి ఎదురయ్యే మొదటి చిక్కు వేసవి ప్రయాణం. పాఠశాల తెరిచే నాటికి తిరిగివస్తే చాలునని ఆగస్టు నడుమకు టిక్కెట్లు కొంటే బ్యాండు క్యాంపు తప్పిపోతుంది, మైదానంలో స్థానాలు నేర్పేది అక్కడే. అందువలన క్యాంపు తేదీలు తెలిసిన తరువాతనే ప్రయాణం నిశ్చయించుకోవాలి.

దసరా, దీపావళి పోటీల నెలలలోనే వస్తాయి. పండుగనాడు సెలవు కావలసినవారు సీజను ఆరంభంలోనే వ్రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. ఆటల రోజున పెట్టే సామూహిక భోజనంలో శాకాహారం కావాలని ముందుగా నమోదు చేయించాలి. తాము ఎరుగని కార్యక్రమం కనుక దూరంగా ఉండిపోయే తల్లిదండ్రులకు నీరు అందించే పని మంచి ఆరంభం. అందులో తమ బిడ్డ ఎలా ఉన్నదీ దగ్గరనుండి చూడవచ్చు, ఇతర కుటుంబాలతో పరిచయమూ కలుగుతుంది.

ఇవి కూడా చూడండి

* జాన్ ఫిలిప్ సూసా
* అమెరికన్ ఫుట్‌బాల్
* సైనిక బ్యాండు
* వడదెబ్బ