డిగ్రీ చదువుల్లో ఉద్యోగ నైపుణ్యాలు

బీఏ, బీకాం, బీఎస్సీ వంటి సాధారణ డిగ్రీ కోర్సుల్లో సబ్జెక్టు పరిజ్ఞానంతో పాటు కొలువులో అవసరమయ్యే సామర్థ్యాలను కూడా పాఠ్యప్రణాళికలో చేర్చి నేర్పే ప్రయత్నాల చరిత్ర ఇది. స్పష్టంగా మాట్లాడటం, రాయడం, అంకెలను అర్థం చేసుకోవడం, కంప్యూటర్ వాడటం, నలుగురితో కలిసి పని చేయడం అన్ని ఉద్యోగాలకూ కావాలి. నర్సరీ పెంపకం, చేపల పెంపకం, పన్ను లెక్కలు, బీమా వంటివి ఆయా రంగాలకు చెందినవి. భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల్లో, ఈ నైపుణ్యాలు చాలాకాలం డిగ్రీ పక్కనే ఉండిపోయాయి. డిగ్రీ లోపలికి స్థిరంగా వచ్చింది ఇటీవలే, అదీ సగం మేరకే.

పూర్వరంగం

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ తర్వాత 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అప్పట్లో డిగ్రీ అంటే ప్రభుత్వ కొలువుకో, న్యాయవాద వృత్తికో దారి. చదివినవాళ్లు కొద్దిమంది కాబట్టి పట్టాయే సరిపోయేది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఆ లెక్క తప్పింది. చదువుకున్నవారి నిరుద్యోగంపై యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ప్రభుత్వం తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతన ఒక కమిటీనే వేయాల్సి వచ్చింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930ల్లోనే వాల్తేరులో షుగర్ టెక్నాలజీ వంటి చదువులు మొదలుపెట్టింది. స్థానిక పరిశ్రమను దృష్టిలో పెట్టుకున్న తొలి అడుగుల్లో అదొకటి. కానీ అది సాంకేతిక శాఖకే పరిమితమైంది. బీఏ, బీఎస్సీ తరగతులు పాత దారినే నడిచాయి.

ఇతర దేశాల్లో ఈ ఆలోచన ముందే మొదలైంది. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ఇంజినీరింగ్ విద్యార్థులను కొన్నాళ్లు తరగతిలో, కొన్నాళ్లు కర్మాగారంలో ఉంచే పద్ధతి ప్రవేశపెట్టారు. బ్రిటన్‌లో 1997 నాటి డియరింగ్ కమిటీ ప్రతి డిగ్రీలోనూ భావ వ్యక్తీకరణ, అంకెల పరిజ్ఞానం, సమాచార సాంకేతికత, ఎలా నేర్చుకోవాలో నేర్చుకోవడం అనే నాలుగూ ఉండాలని చెప్పింది. మన దేశంలో ష్నైడర్ దారికి దగ్గరగా వెళ్లింది పిలానీలోని బిట్స్. అక్కడ 1973లో మొదలైన ప్రాక్టీస్ స్కూల్‌లో విద్యార్థి పరిశ్రమలో చేసిన పనికి డిగ్రీలోనే మార్కులు ఉంటాయి.

1994 పథకం

సాధారణ డిగ్రీ విషయంలో మొదటి గట్టి ప్రయత్నం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1994-95లో తెచ్చిన పథకం. డిగ్రీలో చదివే మూడు ప్రధాన సబ్జెక్టుల్లో ఒకదాని స్థానంలో వృత్తి సబ్జెక్టును పెట్టడం దాని సారం. పారిశ్రామిక రసాయన శాస్త్రం, విత్తన సాంకేతికత, పట్టుపురుగుల పెంపకం, ఆఫీసు నిర్వహణ, పన్ను విధానాలు, పర్యాటకం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. పేరుకు వృత్తి కోర్సే అయినా హోదాలో అది భౌతిక శాస్త్రంతోనో, చరిత్రతోనో సమానం. మార్కులు, ప్రయోగశాల, పరీక్ష అన్నీ దానికీ ఉండేవి. ఈ చరిత్ర మొత్తంలో ఇంత సూటి ఆలోచన మరొకటి కనిపించదు.

పదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఆ పథకం రూపం మారింది. డిగ్రీ చదువుతూనే వేరుగా సర్టిఫికెట్, డిప్లొమా పొందే అదనపు కోర్సులు వచ్చాయి. దాంతో విద్యార్థికి వెసులుబాటు పెరిగింది గానీ నైపుణ్యం మళ్లీ డిగ్రీ బయటికి జరిగింది. అదనపు కోర్సుకు టైంటేబుల్‌లో మిగిలిన గంటే దక్కుతుంది, దానికి శాశ్వత అధ్యాపకుడు ఉండడు.

అమీర్‌పేట దశాబ్దం

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గాలి తెలుగు జిల్లాలంతటా వీస్తోంది. కానీ కాలేజీ సిలబస్ మారడానికి ఏళ్లు పడుతుంది. అనుబంధ కాలేజీలో పాఠం చెప్పే అధ్యాపకుడు సిలబస్‌లో ఒక్క యూనిట్ కూడా తనంతట తాను మార్చలేడు, అది విశ్వవిద్యాలయ పాఠ్య మండలి చేతిలో ఉంటుంది. ఆ ఖాళీని హైదరాబాద్‌లోని అమీర్‌పేట నింపింది. మైత్రీవనం చుట్టుపక్కల అంతస్తు అంతస్తుకూ ఒక శిక్షణ కేంద్రం వెలిసింది. ఉచిత డెమో క్లాసు విని నచ్చితే బ్యాచ్‌లో చేరేవారు. జావా, ఒరాకిల్, డాట్ నెట్ పాఠాలు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగేవి. ఎస్సార్ నగర్ హాస్టళ్లలో శ్రీకాకుళం పిల్లలూ, అనంతపురం పిల్లలూ ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. పట్టా విశ్వవిద్యాలయం నుంచి, పని అమీర్‌పేట నుంచి వచ్చేది. ఆ పనికి తల్లిదండ్రులు రెండోసారి ఫీజు కట్టారు. డిగ్రీ నేర్పాల్సినదాన్ని కుటుంబాలు సొంత ఖర్చుతో కొనుక్కున్నాయన్నది ఈ చరిత్రలో మరవకూడని అంశం. హైదరాబాద్‌లో నెలల తరబడి ఉండే స్తోమత లేనివారికి ఆ దారి కూడా మూసుకుపోయింది.

2005లో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ సంఘం నాస్‌కామ్, సలహా సంస్థ మెకిన్సే కలిసి తెచ్చిన నివేదిక, ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో దాదాపు నలుగురిలో ఒకరే బహుళజాతి సంస్థల కొలువులకు తగినవారని చెప్పింది. సాధారణ డిగ్రీ వారి వాటా అంతకంటే తక్కువ. ఆ అంకె పత్రికల్లో మారుమోగింది. అది ఒక రంగం తన అవసరాలతో కొలిచిన కొలత మాత్రమే. అయినా ప్రభుత్వాలను కదిలించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ దశకం మధ్యలో వచ్చిన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనూ ఏర్పడ్డాయి. ఇంగ్లీషు, రీజనింగ్, కంప్యూటర్ నేర్పి ప్రాంగణ నియామకాలకు సిద్ధం చేయడం వాటి పని. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థికి అమీర్‌పేట వెళ్లకుండానే ఆ శిక్షణ అందడం చిన్న సంగతి కాదు. అయితే ఈ కేంద్రాలు కూడా డిగ్రీకి అనుబంధమే. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో టాస్క్ (తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్) 2014లో ఏర్పడి అదే తరహా శిక్షణను విస్తరించాయి.

క్రెడిట్లలోకి

2015 నుంచి ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం దేశమంతటా అమలవుతూ వచ్చింది. అందులో నైపుణ్య కోర్సులకు తొలిసారి విడి గడి దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో భావ వ్యక్తీకరణ, కంప్యూటర్, విశ్లేషణ సామర్థ్యం, వ్యవస్థాపకత వంటి ఫౌండేషన్ కోర్సులు అందరికీ తప్పనిసరి అయ్యాయి. ఒక్కోదానికి రెండు క్రెడిట్లు. మాట్లాడటం నేర్పే కోర్సుకు కూడా చివర రాత పరీక్షే పెట్టడం ఇక్కడి పెద్ద లోపం. పరీక్ష ఎలా ఉంటే బోధన అలాగే ఉంటుంది కాబట్టి, చాలా చోట్ల విద్యార్థులు నోరు తెరవకుండానే ఆ కోర్సు పూర్తి చేశారు.

2020-21లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి చేసిన మార్పు లోతైనది. నర్సరీ మొక్కల పెంపకం, పాడి పద్ధతులు, విద్యుత్ ఉపకరణాలు, పర్యాటక మార్గదర్శనం, బీమా, సర్వే నివేదికల తయారీ వంటి కోర్సులు బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థుల ముందుకొచ్చాయి. వాటితో పాటు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరైంది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు పని అనుభవం, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. సమాజ సేవా ప్రాజెక్టులో విద్యార్థి తన ఊరిలోనో, వార్డులోనో ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, ఒక సమస్యను ఎంచుకుని దానిపై పని చేసి నివేదిక రాయాలి. ఈ భాగానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ప్రశ్న వేయడం, విన్నది రాసుకోవడం, అంకెలను పట్టికగా పేర్చడం ఏ కొలువులోనైనా పనికొచ్చేవే, వాటిని నేర్చుకోవడానికి కంపెనీ అక్కర్లేదు.

కంపెనీ ఇంటర్న్‌షిప్‌ల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. భీమవరం ప్రాంతంలో ఆక్వా సాగు చదివేవారికి చెరువులు, హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు దగ్గర్లోనే ఉంటాయి. పరిశ్రమలు లేని మండల కేంద్రంలో బీఏ చదివే అమ్మాయికి ఆరు నెలల పని ఎవరిస్తారు? ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లు ఆ లోటును కాగితం మీద పూడ్చాయి. వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకోవడాన్ని పని అనుభవం అనలేం.

అప్రెంటిస్‌షిప్ దారి

1961 నాటి అప్రెంటిస్ చట్టం మొదట్లో వృత్తి శిక్షణార్థులకే వర్తించింది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులు, 2014 సవరణతో ఇతర డిగ్రీలవారు దాని పరిధిలోకి వచ్చారు. యూజీసీ 2014లోనే బి.వోక్ (బ్యాచిలర్ ఆఫ్ వొకేషన్) డిగ్రీని తెచ్చింది. ఒక ఏడాదికి డిప్లొమా, రెండేళ్లకు అడ్వాన్స్‌డ్ డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ. దాన్ని సమాన డిగ్రీగా గుర్తించాలని యూజీసీ లేఖలు రాయాల్సి వచ్చిందంటే, నియామక సంస్థలు దాన్ని ఎలా చూశాయో తెలుస్తుంది. 2020లో వచ్చిన యూజీసీ మార్గదర్శకాలు మామూలు డిగ్రీలోనే కనీసం 20 శాతం క్రెడిట్లను అప్రెంటిస్‌షిప్‌కు ఇవ్వవచ్చన్నాయి. తెలంగాణలో 2024లో బ్యాంకింగ్, బీమా రంగాల నైపుణ్య శిక్షణ కొన్ని డిగ్రీ కాలేజీల్లో మొదలైంది, యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ చట్టమూ అదే ఏడాది వచ్చింది.

భాష సంగతి

ఈ మొత్తం కాలంలో భావ వ్యక్తీకరణ నైపుణ్యం అంటే ఇంగ్లీషే అన్న భావన పాతుకుపోయింది. ఇంగ్లీషు అవసరం కాదనలేం. కానీ బ్యాంకు కౌంటరు, మందుల దుకాణం, బీమా ఏజెంటు, విత్తన కంపెనీ క్షేత్ర ప్రతినిధి, పత్రికా విలేకరి రోజంతా మాట్లాడేదీ, ఒప్పించేదీ తెలుగులోనే. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో మూడో సెమిస్టర్ తెలుగు పాఠ్యాంశంగా సృజనాత్మక రచనను ప్రవేశపెట్టి, కవితలతో పాటు అనువాదం, మాధ్యమాలకు రాయడం అందులో చేర్చారు. విడి నైపుణ్య కోర్సు పెట్టకుండా, క్రెడిట్లు అదనంగా అడగకుండా, ఉన్న సబ్జెక్టునే పని వైపు తిప్పిన మార్పు అది.