కొత్త బాడీ, పాత లెన్సు

జీలకర్ర బెల్లం ఘడియ ఫొటోగ్రాఫర్ కోసం ఆగదు. పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురి తల మీద పడే ఆ రెండు క్షణాల్లో ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటే అంతే సంగతులు. భివండి పద్మనగర్‌లోనైనా, థానే రోడ్డు మీది కాల్హేర్‌లోనైనా మన పద్మశాలీల పెళ్లిళ్లు తీసేవాళ్లకు కొత్త కెమెరా అనగానే రెండు బెంగలు: పాత లెన్సులు పడతాయా, వేళ్లకు అలవాటైన బటన్లు అక్కడే ఉన్నాయా? కెమెరా కంపెనీలకూ అరవై ఏళ్లుగా ఇదే తలనొప్పి.

భివండి లాంటి సాంచెల (మరమగ్గాల) ఊళ్లో, కొత్తది తగిలించినా పాత వాటం నిలబెట్టే సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మామూలు సాంచెకు డాబీ అనే పరికరం బిగిస్తే బట్టలో డిజైన్ వస్తుంది. కింద నాడె (షటిల్) అటూ ఇటూ తిరిగే పని మాత్రం మారదు.

డిజిటల్ కెమెరా పుట్టుక 1975 నాటిది. కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ తయారుచేసిన పెట్టె ఒక్కో బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. అది ప్రయోగశాల దాటలేదు. వృత్తి ఫొటోగ్రాఫర్ల చేతికి డిజిటల్ వచ్చింది 1991లో, అదీ పాత ఒంటితోనే. కొడాక్ తన సెన్సర్‌ను నికాన్ ఎఫ్3 అనే ఫిల్ము కెమెరా వెనక అమర్చింది. 13 లక్షల పిక్సెళ్లు. ఫొటోలు దాచుకునే 200 మెగాబైట్ల హార్డ్ డిస్కు వేరే పెట్టెలో ఉండేది. వైరుతో కలిపి దాన్ని భుజాన మోసుకు తిరగాలి. ఇంత గోల ఉన్నా పత్రికలవాళ్లు కొన్నారంటే, షట్టరు నుంచి లెన్సు దాకా మిగతాదంతా వాళ్లకు తెలిసిన కెమెరాయే కాబట్టి.

1999లో నికాన్ సొంతంగా డి1 తెచ్చింది. లెన్సు బిగించే మౌంటు 1959 నాటి నికాన్ ఎఫ్‌దే. వెలుతురు కొలిచే 1,005 పిక్సెళ్ల రంగుల సెన్సర్ 1996లో వచ్చిన ఎఫ్5 ఫిల్ము కెమెరాది. చిత్రమేమిటంటే, ఈ 1,005 అంకె 2007లో డి3 వచ్చినా, 2009లో డి3ఎస్ వచ్చినా కదల్లేదు. బొమ్మ తీసే సెన్సర్ ఎన్నోసార్లు మారింది, వెలుతురు కొలిచే కన్ను మాత్రం ఫిల్ము కాలంలోనే ఉండిపోయింది. ప్రకటనల్లో ఇలాంటివి కనిపించవు. పిక్సెళ్ల లెక్కే కనిపిస్తుంది.

కెనాన్ దారి వేరు. 1987లో ఆటోఫోకస్ కోసం పాత ఎఫ్‌డీ మౌంటును ఒక్క దెబ్బతో వదిలేసింది. కూడబెట్టుకున్న లెన్సులు కొత్త బాడీకి పనికిరావని తెలిసినవాళ్ల కడుపుమంట ఊహించుకోవచ్చు. అయినా నా లెక్కలో అది సరైన తెగింపే. లెన్సుకూ బాడీకీ మధ్య మీటలు, పిన్నులు పోయి అంతా కరెంటు సంకేతాలే అయ్యాయి. తెగతెంపులు చేసుకున్నా వాటం మాత్రం వదల్లేదు. చూపుడువేలి కింద తిరిగే చక్రం 1986 నాటి టీ90ది, అంటే వదిలేసిన మౌంటు కెమెరాదే. వెనక బొటనవేలితో తిప్పే పెద్ద చక్రం 1989లో కొత్త మౌంటు ఈఓఎస్-1తో వచ్చింది. 2001లో డిజిటల్ 1డీ వచ్చేసరికి ఈ రెండూ ఉన్నాయి. వాటితోపాటు 1998 నాటి ఈఓఎస్-3 అనే ఫిల్ము కెమెరా నుంచి 45 ఫోకస్ బిందువులూ వచ్చాయి.

ఈఓఎస్-3 నుంచి రానిది ఒకటుంది. 1992లోనే కెనాన్ ఈఓఎస్-5కు కంటిచూపు చదవడం నేర్పింది. వ్యూఫైండర్‌లోంచి కంటి మీద పరారుణ కాంతి పడుతుంది. దాని ప్రతిఫలనాన్ని బట్టి మనం ఏ బిందువును చూస్తున్నామో కెమెరా కనిపెట్టి అక్కడ ఫోకస్ చేస్తుంది. ఈఓఎస్-3లో అది 45 బిందువులకూ పాకింది. కొందరు ఆహా అన్నారు, కళ్లద్దాలవాళ్లు విసుక్కున్నారు. వ్యూఫైండర్‌లోకి బొమ్మను మళ్లించే అద్దం ఉన్న డిజిటల్ కెమెరాల్లో కెనాన్ దాన్ని ఒక్కదానిలోనూ పెట్టలేదు. మళ్లీ కనబడింది 2021లో, అద్దం లేని ఆర్3లో. ఇప్పుడు చూపు పని ఎవరిని పట్టుకోవాలో చెప్పడం వరకే. ఆ తర్వాత మనిషి కదిలినా కెమెరాయే వెంటాడుతుంది. తలంబ్రాల సందట్లో పదిమంది మొహాల మధ్య పెళ్లికూతుర్ని ఎంచుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? మూలనపడ్డ ఆలోచన పనికొచ్చేది ఇలాగే, దానికి తగ్గ సరంజామా సమకూరాక.

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో ఆ అద్దం పోయినప్పుడు, అంటే 2018లో, ఈ ఇద్దరికీ మౌంటు మార్చక తప్పలేదు. ఈసారి కెనాన్ 1987 నాటి తెగింపు చూపలేదు. 54 మిల్లీమీటర్ల వెడల్పును అలాగే ఉంచి, ఎడాప్టర్ పెడితే 1987 నుంచి వస్తున్న ఈఎఫ్ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేసేలా చూసింది. నికాన్ లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరాన్ని 46.5 మిల్లీమీటర్ల నుంచి 16కు దించి, ఎఫ్‌టీజెడ్ ఎడాప్టర్ ఇచ్చింది. 2021 నాటి జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు; అయినా అలవాటుపడ్డ చెవి కోసం నొక్కినప్పుడు చప్పుడు వినిపించే ఏర్పాటు ఉంచారు. చప్పుడును గుర్తుపెట్టుకున్న కంపెనీ ఎడాప్టర్‌లో మోటారు మాత్రం పెట్టలేదు. అందువల్ల సొంత మోటారు లేని 50 ఎంఎం 1.8డి లాంటి చవక లెన్సులు దాని మీద బిగుస్తాయి, ఫొటో తీస్తాయి, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి.