ఒక్క ఇల్లు మిగిలినా నీళ్లు రావు

ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు సాగితే తెలుగు మెల్లగా ఒడియాలో కలిసిపోతుంది. ఆ బరంపురానికి దగ్గర్లోని మొహుదా గ్రామంలో ‘గ్రామ వికాస్’ ప్రధాన కార్యాలయం ఉంది. 1979 జనవరి 22న నమోదైన ఈ సంస్థ స్వర్ణోత్సవానికి చేరువవుతోంది. ఇన్నేళ్లలో అది చేసిన పనులు చాలానే ఉన్నా, దానికి పేరు తెచ్చింది మాత్రం ఒకే ఒక్క మొండి షరతు.

సంస్థ మూలాలు మద్రాసులో ఉన్నాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు సాయపడేందుకు అక్కడి విద్యార్థులు కొన్ని వందల మంది బెంగాల్ వెళ్లారు. వారికి నాయకుడు కేరళకు చెందిన జో మడియత్. ఆ ఏడాదే ఒడిశా తీరాన్ని తుపాను ముంచెత్తడంతో కొందరు అటు కదిలారు. సహాయ పనులు ముగిశాక చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. మడియత్, మరికొందరు అక్కడే ఉండిపోయారు.

గంజాం జిల్లాలో తొలి అడుగు తడబడింది. ఆదివాసులకు పాడి పరిశ్రమ నేర్పుదామని వెళ్తే, పాలు దూడ సొత్తని నమ్మే జనం ఎదురయ్యారు. ఆ తర్వాత పట్టుకున్న గోబర్ గ్యాస్ బాగా కలిసొచ్చింది. 1983 నుంచి పదేళ్లలో యాభై వేలకు పైగా ప్లాంట్లు కట్టారు. అంత చేసినా పల్లెల్లో జబ్బులు తగ్గలేదు. ఎక్కడికక్కడ ఆరా తీస్తే చాలా రోగాల వేరు తాగే నీటిలోనే ఉందని తేలింది. చెరువు గట్టునే బహిర్భూమి, ఆ చెరువులోనే స్నానం, ఆ నీళ్లే ఇంటికి.

1992లో ఐదు గ్రామాల్లో, 337 కుటుంబాలతో కొత్త కార్యక్రమం మొదలైంది. షరతు ఇది: ఊళ్లోని ప్రతి ఇల్లూ చేరాలి. అగ్రకులాల వీధీ, దళితవాడా, ఒంటరి వితంతువు గుడిసే, ఏదీ మిగలకూడదు. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలనిధికి జమ చేయాలి. ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ, లేనివాళ్లు తక్కువ వేసుకుంటారు. అసలు సొమ్ము కదపరు. రేపు ఊళ్లో కొత్త కాపురం వెలిస్తే దాని మరుగుదొడ్డికి ఆ వడ్డీ సాయం.

ఇటుక, ఇసుక, రాయి, కూలి ఊరివాళ్లవి. సిమెంటు, ఇనుము లాంటి బయటి సామాను సంస్థ సమకూరుస్తుంది. తాపీ పని ఊరి కుర్రాళ్లే నేర్చుకుంటారు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, దానికి ఆనుకుని స్నానాల గది కడతారు. వెనక రెండు గుంటలుంటాయి. ఒకటి నిండితే రెండోదానికి మళ్లిస్తారు. ఈలోగా మొదటిదానిలోని మలం ఎరువుగా మారుతుంది. కుళాయిలు మూడు: మరుగుదొడ్డికొకటి, స్నానానికొకటి, వంటింటికొకటి. ట్యాంకు సిద్ధమైనా, గొట్టాలు వేసినా, ఊళ్లో ఆఖరి మరుగుదొడ్డి పూర్తయ్యేదాకా నీళ్లు వదలరు.

ఒక్క ఇల్లు మొరాయిస్తే ఊరంతా ఆగిపోతుందన్న విమర్శ సబబే. ఊరిని ఒప్పించడానికి నెలలు, ఒక్కోచోట ఏళ్లు పట్టేది. అయితే ఒక్క ఇంటివాళ్లు ఆరుబయటికి వెళ్లినా ఆ మురుగు అందరి నీళ్లలోకీ చేరుతుంది. పైగా కులం పేరు చెప్పి వేరే బావి తవ్వించుకునే ఊళ్లో, ఒకే ట్యాంకు నీళ్లు అన్ని వాడలకూ పారడం చిన్న సంగతి కాదు. ఊరి కమిటీలో ఆడవాళ్లకు సగం చోటు. బిందె మోసేదీ, చీకటి పడేదాకా ఓర్చుకునేదీ వాళ్లే కదా!

షరతు ఫలితమేమిటో రెండు అధ్యయనాలు చెబుతాయి. పూరీ జిల్లాలోని 100 గ్రామాల్లో ఇలాంటి షరతు లేని ప్రభుత్వ కార్యక్రమం కింద మరుగుదొడ్లు ఉన్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. అయినా పిల్లల విరేచనాలు తగ్గలేదని 2014లో తేలింది. ఆ మరుసటి ఏడాది, తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో బృందం గ్రామ వికాస్ పల్లెల లెక్కలు ప్రకటించింది. వైద్యం అవసరమైన విరేచనాల కేసులు 30 నుంచి 50 శాతం తగ్గాయి. ఆ మేలు ఐదేళ్లకు పైగా నిలిచింది.

ఈ పద్ధతి ఒడిశాలో వెయ్యికి పైగా గ్రామాలకు పాకింది. కొండ ఊళ్లలో ఊట నీరు వాలు మీదే దిగివస్తుంది గనుక కరెంటు బిల్లు బెడద లేదు. మైదానంలో మాత్రం మోటారు కాలినా, కరెంటు పోయినా భారం ఊరిదే. ఆ భారం మోయడానికి పనికొచ్చేది ముందే కట్టుకున్న కమిటీయే. స్వచ్ఛ భారత్ పేరిట మరుగుదొడ్లూ, ఇంటింటి నీటి పథకాల కింద కుళాయిలూ ఇప్పుడు మన పల్లెలకూ వచ్చాయి. వాటిని పదేళ్ల తర్వాత కూడా నడిపే ఏర్పాటు మన పంచాయతీల్లో ఎన్నింటికి ఉంది? గంజాం పల్లెలు ఆ లెక్క నీళ్లు వదలక ముందే తేల్చుకున్నాయి.