పాత కారు కొంటున్నారా.. ముందు కాగితం వయసు చూడండి

భోగాపురం: జాతీయ రహదారి పక్కనున్న షెడ్డులో పాత అంబాసిడర్ గానీ, పద్మిని గానీ, పైకప్పు లేని జీపు గానీ కనిపిస్తే ఆగి చూడనివారు అరుదు. ఒకప్పుడు పల్లెల్లో 'ప్లెజరు' అని గొప్పగా చెప్పుకున్న కార్లపై మోజు ఇంకా పోలేదు. ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలోనే నిలిచిపోయింది. కనుక ఇప్పుడు దొరికేవన్నీ పదేళ్లు దాటిన బళ్లే. కొనేవారు ఇంజిను చప్పుడు వింటారు, అడుగున తుప్పు చూస్తారు, టైర్లు తడిమి చూస్తారు. ఆ బండికి రహదారిపై తిరిగే అర్హత ఇంకెన్నాళ్లుందనే ప్రశ్న మాత్రం బేరం కుదిరి, బయానా చేతులు మారిన తర్వాతే గుర్తుకు వస్తోంది.

విదేశాల్లో ఉన్న బంధువులు చెప్పిన మాటలు ఈ గందరగోళాన్ని మరింత పెంచుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన కారుకు పరీక్షే అక్కర్లేదని లండన్‌లో ఉన్నవారు చెబితే అది అక్కడివరకు నిజమే. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా 'ఎంవోటీ' పరీక్ష తప్పనిసరి. 40 ఏళ్లు నిండి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చేయని వాహనాలను 2018 మే 20 నుంచి ఈ పరీక్ష నుంచి మినహాయించారు. అయితే బండిని భద్రంగా ఉంచే బాధ్యత యజమానిదే. జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకు 'హెచ్' అక్షరంతో ప్రత్యేక నంబరు పలక, పన్ను రాయితీ ఇస్తారు గానీ రెండేళ్లకోసారి జరిగే తనిఖీని మాత్రం వదలరు. జపాన్ తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. కొత్త కారుకు మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి 'షాకెన్' తనిఖీ ఉంటుంది. పెట్రోలు కారు 13 ఏళ్లు దాటితే పన్ను కూడా పెరుగుతుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. ఈ మినహాయింపుల్లో ఏ ఒక్కటీ విజయనగరం రవాణా కార్యాలయంలో చెల్లదు. అక్కడి పాత కారును ఓడలో తెప్పించుకుందామన్నా మామూలు దారి లేదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి.

మన దగ్గర రెండు గీతలు

మన చట్టం ప్రకారం సొంత కారుకు విడిగా ఫిట్‌నెస్ పత్రం ఉండదు. రిజిస్ట్రేషనే 15 ఏళ్లపాటు ఆ అర్హతకు నిదర్శనం. గడువు ముగిశాక బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించి, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇది మొదటి గీత. ఇందుకు కారుకు 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేల రుసుము అమల్లోకి వచ్చింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దీనిని రూ.10 వేలకు పెంచారు. ఆలస్యమైతే నెలకు రూ.500 అదనం. నాలుగేళ్లు షెడ్డులో పడి ఉన్న కారు చవగ్గా వచ్చిందని సంబరపడేవారు ముందు ఈ బకాయిని లెక్క వేసుకోవాలి. హరిత పన్ను సరేసరి. టాక్సీగా తిరిగిన బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. అది లేకుంటే చట్టం దృష్టిలో ఆ బండికి రిజిస్ట్రేషన్ కూడా లేనట్టే.

రెండో గీత 50 ఏళ్లు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, చాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు లేని సొంత వాహనాలను 'వింటేజ్'గా నమోదు చేసేందుకు 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. రుసుము రూ.20 వేలు, గడువు పదేళ్లు. నంబరు పలకపై రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ఇక్కడ మెలిక ఏమిటంటే, అలా నమోదైన కారును రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డుపైకి తేవాలి. అందులో పెళ్లివారిని ఎక్కించి అద్దె వసూలు చేద్దామనుకుంటే కుదరదు. మన ప్రాంతంలో చేతులు మారేవాటిలో అధికశాతం ఈ రెండు గీతల నడుమవే. వాటికి వింటేజ్ హోదా రాదు, కొత్త కారుకున్న నిశ్చింతా ఉండదు.

ఒడిశా నంబరుతో వస్తే

ఉత్తరాంధ్రకు ఆనుకుని ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి కారు కొంటే మరికొంత జాగ్రత్త అవసరం. ఓడీ 07, 20, 18, 10 నంబర్లు వరుసగా ఆ జిల్లాలవి. నంబరు 'ఓఆర్'తో మొదలైతే అది 2012లో కోడ్ మారకముందు నాటి బండి. అక్కడి కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం చేతికి రాకుండా డబ్బు మొత్తం ఇవ్వకపోవడం మంచిది. మరో రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. బండి వయసును బట్టి జీవితకాల పన్ను కూడా కట్టాలి. అక్కడ ఒకసారి కట్టేశాం కదా అనే వాదన ఇక్కడ నిలవదు.

ప్రభుత్వ శాఖల పాత జీపుల విషయంలో నిబంధన ఇంకా కఠినం. ప్రభుత్వ యాజమాన్యంలోని వాహనానికి 15 ఏళ్లు నిండితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదు. అది గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే వెళ్లాలి. అలాంటి జీపును 'కాగితాలు తర్వాత చూసుకుందాం' అంటూ ఎవరైనా అమ్మజూపితే ఆ కాగితాలు ఎప్పటికీ రావు.

అమ్మేవారికీ ముప్పు ఉంది. సంతకం చేసిన ఫారాలు 29, 30 కొన్నవారి చేతిలో పెట్టి మరచిపోవడం మన పల్లెల్లో మామూలే. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. కారు దగ్గరకు వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి ఇంజిను, చాసిస్ నంబర్లను ఆర్‌సీతో ఒక్కో అంకె చొప్పున పోల్చుకోవాలి. పాత అంబాసిడర్లలో అసలు ఇంజిను తీసేసి వేరే డీజిల్ ఇంజిను బిగించినవి ఉంటాయి. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే పునరుద్ధరణ తనిఖీలో బండి అక్కడే ఆగిపోతుంది.