సుత్తి దెబ్బ సాయంత్రం, నొప్పి రాత్రికి

నిరుడు బైక్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. చంక దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి, చెయ్యి మొత్తం మొద్దుబార్చి ప్లేటు వేశారు. సాయంత్రానికి నొప్పన్నదే లేదు. నర్సు మాత్రలిస్తే "ఇప్పుడెందుకులెండి" అని పక్కన పెట్టి హాయిగా నిద్రపోయా. తెల్లవారుజామున మూడింటికి నేను పెట్టిన కేకకి వార్డంతా లేచింది. తప్పు ఎవరిదీ కాదు, నా అతితెలివిదే!

ఆ తర్వాత ఒంటిచేత్తో గూగుల్‌ని తవ్వుతుంటే తెలిసింది, ఇలాంటిది 1898లోనే జరిగిందని.

జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ ఉండేవాడు. ఆ ఏడాది ఆగస్టు 16న, చీలమండకి క్షయ సోకిన ఒక కూలీకి వెన్నులో కొకైన్ ఎక్కించి ఆపరేషన్ చేశాడు. (కొకైన్ అప్పట్లో మందే. 1884లో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్లకి దాన్ని వాడి చూపించాడు.) కోత తెలియలేదు గానీ, తర్వాత ఆ కూలీకి వాంతులు, తలనొప్పి. ఎందుకో తేల్చుకోవాలని బియర్ ఆగస్టు 24న తన వెన్నే ఇచ్చాడు. సిరంజి సూదికి సరిగ్గా అతకలేదు, మందంతా కారిపోయింది! దాంతో అసిస్టెంట్ హిల్డెబ్రాంట్ ముందుకొచ్చాడు. అతని కాలు మొద్దుబారాక బియర్ సూదులు గుచ్చాడు, చుట్టతో కాల్చాడు, మోకాలి కింద ఎముక మీద ఇనప సుత్తితో కొట్టాడు. ఊహూ, నొప్పి లేదు. ముప్పావుగంటకి స్పర్శ తిరిగొచ్చింది. ఇద్దరూ వైన్ తాగి పండగ చేసుకున్నారు. రాత్రికి హిల్డెబ్రాంట్‌కి వాంతులు, తలనొప్పి, వాటికి తోడు కమిలిన కాలు. బియర్ అయితే తలనొప్పితో రోజుల తరబడి మంచం దిగలేదు.

బియర్‌ది వెన్నులో ఇచ్చేది, నాది నరం దగ్గర ఇచ్చేది. అయినా సూత్రం ఒకటే: కబురు మెదడుకి చేరదు, అంతే. దెబ్బ దెబ్బలాగే ఉంటుంది. సర్వర్ తగలబడుతుంటే అలారం మ్యూట్ చేసినట్టన్నమాట.

మందు ఎక్కువసేపు నిలవాలని 1903లో హైన్రిష్ బ్రౌన్ దానికి అడ్రినలిన్ కలిపాడు. 1957లో బుపివకెయిన్ తయారైంది. దాంతో బ్లాక్ పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పనిచేస్తుంది. పొద్దున ఆపరేషనైతే వదిలేది సరిగ్గా అర్ధరాత్రి వేళకన్నమాట! ఇలా ఒక్కసారిగా విరుచుకుపడేదాన్నే రీబౌండ్ పెయిన్ అంటున్నారు. అందుకే తిమ్మిరి వదలకముందే మాత్రలు మొదలుపెట్టమంటారు. నర్సు చెప్పిందీ అదే, నేనే వినలేదు.

వచ్చే నెల మా పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్. ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "నొప్పే లేనప్పుడు మాత్రెందుకురా?" అంది.