దాచిన కాగితం కేసునే ముంచింది

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లు కామెంట్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, భూమి కేసు నడుస్తోంది. అసలు కాగితం అవతలివాళ్ల దగ్గరుంది, బయటపెట్టట్లేదు. కోర్టు ఏం చేయదా?" ఈరోజు టాపిక్ ఇదే. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

ముందు మా ఇంటి సంగతి చెప్తా. మాది కోదాడ దగ్గర పల్లె. నాన్నకు, బాబాయికి పంపకాల దగ్గర తేడా వచ్చింది. కేసు వేద్దామని పాత ట్రంకు పెట్టె తెరిస్తే, పాస్‌బుక్కులు, పహాణీ నకళ్ల మధ్యలో తాత సంతకంతో ఒక కాగితం దొరికింది. 30 గుంటలు బాబాయికి ఇచ్చేసినట్టు అందులో ఉంది. "ఇది మనమే చూపిస్తే మనకే దెబ్బ కదరా" అన్నాడు నాన్న. నిజం చెప్పాలంటే, నేను కూడా దాచేద్దామనే అనుకున్నా. వకీలు గారు మాత్రం ఒక సుప్రీంకోర్టు తీర్పు ప్రింటవుట్ నాన్న చేతిలో పెట్టి, "ఇది చదివినాక కూడా దాచాలనిపిస్తే వేరే వకీలును చూసుకోండి" అన్నారు.

ఆ తీర్పు దగ్గరికి వద్దాం. దానికంటే ముందు చట్టం ఏం చెప్తుందో చూడాలి.

సివిల్ కేసులు నడిచే పద్ధతి అంతా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంటుంది. నిజాం రాజ్యంలో ఉన్న మన ప్రాంతానికి ఇది 1951 ఏప్రిల్ 1న వచ్చింది. అందులో ఆర్డర్ 11 అని ఒకటుంది. దీన్నే డిస్కవరీ అంటారు. అవతలి పార్టీకి రాతపూర్వకంగా ప్రశ్నలు పంపొచ్చు. "నీ దగ్గర ఏమేం కాగితాలున్నాయో ప్రమాణం చేసి చెప్పు" అని కోర్టు ద్వారా అడగొచ్చు. కోర్టు ఆర్డర్ ఇచ్చాక కూడా ఇవ్వకపోతే రూల్ 21 కింద శిక్ష ఉంది. కేసు వేసినవాడైతే కేసు కొట్టేయొచ్చు. ఎదుటివాడైతే అతని వాదనే లెక్కలోకి తీసుకోకుండా పక్కన పెట్టొచ్చు.

వినడానికి గట్టిగానే ఉంది కదా? కానీ 1978లో బబ్బర్ సీవింగ్ మెషీన్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఒక బ్రేక్ వేసింది. ఇది ఆఖరి అస్త్రం, కావాలనే మొండికేసినవాళ్ల మీదే వాడాలి అని చెప్పింది. అందులోనూ న్యాయం ఉంది. ఒక వాయిదాకి కాగితం తేలేకపోయినంత మాత్రాన ఎవరి ఇల్లూ పోకూడదు. అబద్ధపు కేసు వేసి సతాయించినవాళ్ల నుంచి సెక్షన్ 35ఏ కింద ఇప్పించే పరిహారానికి కూడా 3,000 రూపాయలే పరిమితి. అందుకే "దాస్తే ఏమైతది?" అనే ధైర్యం చాలామందికి ఉంటుంది.

ఇప్పుడు ఆ తీర్పు. ఎస్.పి. చెంగల్వరాయ నాయుడు వర్సెస్ జగన్నాథ్. మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు.

చునీలాల్ సౌకార్ అనే షావుకారికి నాయుడు వాళ్ల మీద డిక్రీ వచ్చింది. దాని కింద ఆస్తి కోర్టు వేలానికి వచ్చింది. వేలంలో కొన్నది ఎవరు? అదే షావుకారు దగ్గర గుమాస్తాగా పనిచేసే జగన్నాథ్. 1945 నవంబర్ 25న ఆ గుమాస్తా, ఈ ఆస్తిలో నాకు ఏ హక్కూ లేదంటూ షావుకారి పేరున రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసిచ్చేశాడు. ఆ సంగతి నాయుడు వాళ్లకు తెలియదు. వాళ్లు డిక్రీ మొత్తం షావుకారికి కట్టేశారు. తర్వాత జగన్నాథ్, "వేలంలో నేను కొన్నా, నా వాటా నాకు పంచండి" అని దావా వేశాడు. ఆ రిలీజ్ డీడ్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ప్రిలిమినరీ డిక్రీ కూడా తెచ్చుకున్నాడు.

ఫైనల్ డిక్రీ దగ్గర నాయుడు వాళ్లు ఇది మోసం అన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది. హైకోర్టు ఒప్పుకోలేదు. అది రిజిస్టర్ అయిన కాగితమే కదా, నకలు మీరే తెచ్చి చూపించాల్సింది అంది.

1993 అక్టోబర్ 27న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ పి.బి. సావంత్ ఆ తీర్పును కొట్టేశారు. కోర్టుకొచ్చినవాడు తాను రాసిచ్చిన, కేసుకు సంబంధించిన కాగితాలన్నీ తానే చూపించాలి. లాభం కోసం దాస్తే అది ఎదుటివాడినే కాదు, కోర్టును కూడా మోసం చేసినట్టే. అలాంటివాడి కేసును ఏ దశలోనైనా బయటికి నెట్టేయొచ్చు. ఇదీ వాళ్లు చెప్పింది.

ఇక్కడ మారింది ఏంటో గమనించండి. అప్పటిదాకా ప్రశ్న "నువ్వెందుకు వెతుక్కోలేదు?" అని. ఇప్పుడు "నువ్వెందుకు దాచావు?" అని. 2007లో మన విశాఖ పోర్టు ట్రస్టు భూముల వివాదంలో, ఎ.వి. పాపయ్య శాస్త్రి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మోసంతో తెచ్చుకున్న ఆర్డర్ పైకోర్టుల దాకా వెళ్లి ఖాయమైనా సరే, అది చెల్లదని చెప్పింది.

2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. వ్యాపార వివాదాల్లో మనకు పనికొచ్చేవే కాదు, మనకు ఎదురుతిరిగే కాగితాలు కూడా మొదట్లోనే ప్రమాణం చేసి చూపించాలి. మొదట కోటి రూపాయల పైన వివాదాలకే ఉండేది, 2018లో 3 లక్షలకు దించారు. అంటే మిర్యాలగూడలో రైస్ మిల్లు లావాదేవీ కూడా ఇందులోకి రావొచ్చు. అన్నదమ్ముల పంపకాలకు మాత్రం ఇప్పటికీ పాత ఆర్డర్ 11 దారే.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చా కాబట్టి ఒక్క మాట. "డిలీట్ చేస్తే పోయింది" అనుకోకండి. అమెరికాలో జుబులేక్ అనే ఉద్యోగిని యూబీఎస్ బ్యాంకు మీద వేసిన కేసులో బ్యాంకు వాళ్లు కొన్ని ఈమెయిళ్లు డిలీట్ చేశారు. ఆ మెయిళ్లు బ్యాంకుకు వ్యతిరేకంగానే ఉండేవని అనుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పారు. 2005లో 2.93 కోట్ల డాలర్ల తీర్పు పడింది. మన దగ్గర కూడా అదే సూత్రం 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 119లో ఉంది. దాచావంటే అది నీకు వ్యతిరేకమేనని కోర్టు అనుకోవచ్చు.

కాబట్టి మీ దగ్గర ఉన్న కాగితాలన్నీ, మంచివీ చెడ్డవీ, వకీలుకు చూపించండి. ఈసీ, రిజిస్టర్డ్ నకళ్లు తీయించండి. అవతలివాళ్ల దగ్గర కాగితం ఉందని తెలిస్తే ఊరికే తిట్టుకోకుండా, ఆర్డర్ 11 కింద పిటిషన్ వేద్దామా అని వకీలును అడగండి. వాట్సాప్ చాట్‌లు చెరపకండి.

మా ఇంట్లో ఏమైందంటారా? నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకొని బాబాయి ఇంటికి వెళ్లాడు. 30 గుంటలు వదిలేశాం. మిగతాది ఇద్దరూ కూర్చొని పంచుకున్నారు. మాటలు ఇంకా మునుపటిలా లేవు. కేసు మాత్రం వేయలేదు.

మీ ఊళ్లో ఇలాంటిది జరిగితే, పేర్లు లేకుండా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!