చేతులు మారే అంగడి

మన కేజీఎఫ్ గనులకు 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1956లో మైసూరు సర్కారు తీసుకుంది. 1972లో బీజీఎంఎల్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

ఇప్పుడు పాటల అంగడి సంగతి చూడండి. పెద్ద కంపెనీల అండ లేని పాటగాళ్లు ఇంటర్నెట్‌లో తమ పాటలు తామే అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ 2008లో మొదలైంది. 2022లో ఎపిక్ గేమ్స్ కొన్నది. మరుసటి ఏడే సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది. సిబ్బందిలో సగం మందికి పని పోయింది. యజమాని మారితే ఏమవుతుందో మన ఊరికి వేరే చెప్పాలా?

రైల్వేలో ఉన్నప్పుడు బంగారుపేటలో కొన్న క్యాసెట్ ఇంకా నా బీరువాలో ఉంది. అమ్మిన అంగడి లేదు. అందుకే మీ పిల్లలతో చెప్పండి: డబ్బిచ్చి కొన్న పాటను ఈరోజే డౌన్‌లోడ్ చేసి దాచుకోమని.